పదకొండో గడి

పొద్దుగాల పదింటికి కుర్చీ దులుపుకుని కూసుంట.
జిల్లా పరిశ్రమల కేంద్రం, మొదటి అంతస్తు,
మెట్ల కాడ జిరాక్సు, కింద ఇరానీ చాయ్.
మందిమంది ఉపాధిని కంప్యూటర్ల కొట్టుడు నా పని.
నా ఉపాధి మాత్రం
ఏటా మార్చి ముప్పై ఒకటిన ఊపిరి బిగబట్టి
ఏప్రిల్ల ఎన్నడో వదులుతది.

అశోక్‌నగర్ల తొమ్మిదేండ్లు చదివిన.
కరెంట్ అఫైర్సు పాతబడ్డయి, నేనూ పాతబడ్డ.
నోటిఫికేషన్ పడ్డదంటే ఇప్పటికీ
కడుపుల ఏదో కదులుతది.

ఆషాఢంల, వాన ఆగని ఒక సోమవారం
సబీహా వచ్చింది, తాలాబ్‌కట్ట నుంచి.
మల్లేపల్లి ఐటీఐ సర్టిఫికెట్ పాలిథిన్ కవర్ల,
కవరు బురఖా లోపల.
యూనిట్ పేరు: మోటర్ రివైండింగ్.
"ఆడపిల్లవు గదా" అనబోయి
ఆమె వేళ్లు చూసి ఆగిన.
రాగితీగ కోసిన సన్నని గీతలు,
పరీక్షకు చదివేటోడు లైన్ల కింద కొట్టుకున్నట్టు.

పదకొండో గడి: ఎందరికి ఉపాధి కల్పిస్తరు?
అంకె ఉండాల్సిన చోట పేర్లు రాసింది.
జరీనా. ఖాలా కొడుకు ఇమ్రోజ్. పక్కింటి మల్లీశ్వరి.
"అంకె ఏయాలెమ్మా."
"అంకె ఏస్తే వాళ్లెవరో ఎట్ల తెలుస్తది సార్?"
సాఫ్ట్‌వేరు పేర్లు తినదు.
మూడు అని కొట్టిన.

రూపాయిల పావలా సర్కారుది,
మిగిలింది బ్యాంకు చేతుల.
బ్యాంకు చెయ్యేమో జేబుల.
జామీను తెమ్మన్నరు, సర్కారు నౌకరున్నోణ్ని.
బస్సు దిగి సీదా నా కాడికే వచ్చింది:
"మీరు సర్కారే గదా?"
మెడల ఐడీ కార్డు తిప్పి చూపించిన.
వెనుక, చిన్నక్షరాలల్ల, ఏజెన్సీ పేరు.
ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది.
ఒకసారి కరెంటు బిల్లు వేరే పేరు మీదున్నదని.
ఒకసారి కారణం రాయలే.
మూడోసారి, చలికాలం, మంజూరు.
ఎవరు కదిలించిన్రో నాకు తెల్వదు.
మేమే అని చెప్పుకునేటోళ్లు
ఇప్పటికి నలుగురైన్రు.

శివరాత్రికే ఎండలు ముదిరినయి.
మా ఆఫీసు ఫ్యాన్ పొగ కక్కి ఆగింది.
ఒకమ్మాయి వచ్చి బల్లెక్కి దింపుకపోయింది,
చేతులకు మసి, నడుముకు టెస్టరు.
పేరడిగితే మల్లీశ్వరి అన్నది.
నేను అంకె చేసిన మనిషి.

తెల్లారి ఫ్యాన్ తిరిగింది.
అర్జీలన్నీ లేచి గదంతా ఉరికినయి,
వంగి వంగి ఏరుకున్న.

బిల్లు ఆరు వందల యాభై.
సంతకానికి పైకి పోయింది, ఇంకా దిగలే.
రోజూ అడుగుతున్న,
ఆ ఫ్యాన్ కిందనే నిలబడి.

నా ముప్పై ఒకటికి ఇంక పన్నెండు దినాలు.
నిన్న సబీహా ఫోన్ చేసింది.
బిల్లు గురించే అనుకున్న.
"లెక్కలు రాసేటోళ్లు కావాలె సార్.
ఎవరన్నా ఉంటే పేరు చెప్పుండ్రి."

నా పేరు నోటి దాకా వచ్చి
ఫార్మాటు కోసం ఆగింది.