వీపు మనది కాదు

ముందు రబ్బరు పట్టీలు ఊడదీసేను.
పాతికేళ్ళ ఎండకి బూడిద తిరిగి
ముట్టుకుంటే వేలికి మసి.
వాటి వెనకాల తుప్పు తీగలు, వాటికి వేలాడుతూ
ఎండిన బంతిపూల తొడిమలు,
ఒక చమ్కీ ముక్క,
రాయిలా గట్టిపడ్డ పసుపు కొంచెం.
పెళ్ళికారు మరి.

అసిరినాయుడి పద్మిని.
ఆమదాలవలస రోడ్డులో నా రేకుల షెడ్డు ముందు ఆపి
"బంపర్లో నా మీసం కనబడాల" అన్నాడు.
అంతే బేరం.

ఒక్కో సొట్టకీ అతని దగ్గర లెక్కుంది.
"ఇది టెక్కలి ఎద్దు. కొమ్ము గురుతు సూడు.
ఇది పలాస రైలు గేటు. తొందర ఆడిది, నాది కాదు.
ఇది పెళ్ళికొడుకు మేనమావ,
మందేసి బోనెట్టెక్కబోయి మోకాలితో ఎట్టీసేడు.
ఇదా...
ఇదీ కొట్టీ. దీని సంగతి మాత్రం అడక్కు."
అడగలేదు.
సొట్టకి కావలసింది కథ కాదు,
వెనకనించి సుత్తి.

మా తాతలది బుడితి. ఇత్తడి పని.
బిందెలకి చింతపండు రుద్ది రుద్ది
మా అమ్మ వేళ్ళు ఎప్పుడూ పుల్లటి వాసనే.
ఇత్తడికి దయ ఎక్కువ, తోమితే చాలు నవ్వుతుంది.
క్రోముకి ఆ గుణం లేదు.
అద్దం మీద ఊదిన ఆవిరంత పూత అది,
కింద గీతుంటే గీత, గుంటుంటే గుంట
రెట్టింపు చేసి మరీ చూపిస్తుంది.
అందుకని ఎనభై నంబరు కాగితం,
నూట ఇరవై, రెండొందల నలభై,
ఆపైన నీళ్ళు పోసుకుంటూ నాలుగొందలు.
మూడు రోజులు.
నా భుజం నా భుజం మీద లేదు.

కిటికీల చుట్టూ అల్యూమినియం బద్దలు
కాస్టిక్ నీళ్ళలో ముంచి బఫ్ చక్రానికి పట్టేను.
ఒకటి చేతిలో విరిగింది, ఒట్టు, దాని తప్పే.
చివర్ల నల్ల మూతలకి కొబ్బరినూనె రాయమన్నాడు నాయుడు.
కొబ్బరినూనె రెండు పెళ్ళిళ్ళ దాకా,
మూడో పెళ్ళికి ఊళ్ళో దుమ్మంతా దాని మీదే.
వేడిగాలి చూపించేను, దూరంనించి, ఓపిగ్గా.
లోపల దాగిన నలుపు దానంతటదే పైకొచ్చింది.

క్రోము తొట్టె విశాఖలో.
గోనెలో చుట్టి, సుద్దతో పేరు రాసి లారీకెక్కించేను.
పదకొండో రోజుకి తిరిగొచ్చింది.
గోనె విప్పితే ఎండ దాని మీద పడి
ఎదురు టీకొట్టు తవిటమ్మ "ఓలమ్మ" అని మొహం తిప్పుకుంది.
నాయుడు వంగేడు. మీసం కనిపించింది.
దువ్వేడు కూడా.
తర్వాత గొంతుక్కూర్చుని
వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమేడు.
చెయ్యి ఆగింది.
"మూడో బోల్టు బెజ్జమేది?"

లేదు.
నా సుత్తి దెబ్బలూ లేవు.
ఇంకెవరివో ఉన్నాయి, గరుకుగా, తొందర తొందరగా.
"ముఖం బాగుంది గానీ గురువా
వీపు మనది కాదు."

విశాఖకి ఫోన్ చేసేను.
ఆ రోజు నాలుగు బంపర్లు దింపేరట,
ఒకటి బొబ్బిలి పోయింది, ఒకటి అనకాపల్లి,
తొట్టెలోంచి తీసేక అన్నీ ఒక్క తల్లి పిల్లలేనట.
"వెతికి తెప్పిస్తాను" అన్నాను, గొంతులో తడి లేకుండా.
నాయుడు బీడీ ముట్టించి
అది అయిపోయేదాకా మాట్లాడలేదు.

"వొద్దులే.
ఏ బొబ్బిలోడో మా టెక్కలెద్దుని మోసుకు తిరుగుతున్నాడు.
తిరగనీ."
కాసేపాగి, "రెండోది కూడా" అన్నాడు.
ఆ రెండోది ఏదో నాకు తెలుసు.
ఏమిటో తెలీదు.

బెజ్జం నేనే పొడిచేను. డబ్బులడగలేదు.
డ్రిల్లు దిగుతుంటే అతను వెనక వైపు
ఎవరిదో సొట్ట మీద వేలు పెట్టి
"ఇది ఏటయ్యుంటాది?" అని నన్నడిగేడు,
నాకు తెలిసినట్టు.

మర్నాడు నరసన్నపేటలో పెళ్ళి.
బంతిదండ కడుతూ
తీగని ఆ కొత్త బెజ్జంలోంచే దూర్చేడు.