శ్రీ చాలలేదు

గవర్నరుపేటలో ఆ ప్రెస్సు ఇప్పుడు లేదు.
మిషను బడిలో కంపోజింగు నేర్చిన లాజరుని నేను.
బొటనవేలి సందున సీసం నలుపు
ఇంకా ఉంది. పోగొట్టుకోను.

శరభయ్యగారు గుంటూరు నుంచి పొద్దుటి బండికి దిగేవారు.
చంకలో గొడుగు, గొడుగులో చుట్టిన శాసనాల నకళ్లు:
కొండవీడు మెట్ల దగ్గర, చేబ్రోలు గుడి వెనక,
ఎవరి గొడ్లసావిట్లోనో పేడ కడిగించి
తడికాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, మసి అద్ది తెచ్చినవి.
నల్లటి కాగితంలో తెల్లగా మాట్లాడేది రాయి.

"ఏ శతాబ్దం, పంతులుగారూ?"
"చివరిదోయ్."
ఏ వంశానికైనా
చివరి శతాబ్దం మీదే ఆయనకి మక్కువ.

ఓ మధ్యాహ్నం ఒకే వంశం శాసనాలు నాలుగు
నా బల్ల మీద వరసగా పరిచారు.
మొదటి రాజుకి సముద్రం దాకా నేల, పేరుకి రెండు మాటలు.
నాలుగోవాడికి ఓ కోట, కోట కింద మూడూళ్లు,
బిరుదులు మాత్రం పదిహేడు పంక్తులు.
"చూశావా లాజరూ,
నేల తరిగేకొద్దీ నోరు పెరుగుతుంది."

హాస్యమనుకున్నాను.
మర్నాడు కలెక్టరాఫీసు నుంచి యుద్ధనిధి కరపత్రం వచ్చింది.
శ్రీశ్రీశ్రీ చక్రవర్తిగారు, శ్రీ గవర్నరుగారు,
రావుబహద్దూర్లు, దివాన్‌బహద్దూర్లు,
సగంలో నా గళ్లో శ్రీలు అయిపోయాయి.
శరభయ్యగారి పేజీ అప్పటికే కట్టి ఉంది.
అందులోంచి చచ్చిన రాజుల శ్రీలు ఊడబెరికి
బతికున్న దొరలకి తొడిగాను.
సాయంత్రం ప్రూఫు చూసి చాలాసేపు మాట్లాడలేదాయన.
పక్కన పెన్సిలుతో రాశారు:
"తప్పు కాదు. ఉంచు."

ఆ వ్యాసమే పత్తిమిల్లు దగ్గర సభలో చదివారు.
నినాదం లేదు, పిడికిలి లేదు,
పదిహేడు పంక్తులూ చదివి, తేదీ చెప్పి, దిగిపోయారు.
జనం పగలబడి నవ్వారు.
"ఏ రాజు మీద ఇది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.
"పోయి నాలుగొందల ఏళ్లయింది."
"మరి వీళ్లెందుకు నవ్వుతున్నారు?"
దానికి ఆయన దగ్గర ఆధారం లేదట, చెప్పలేనన్నారట.

నలభై రెండు, ఆగస్టు.
ప్రెస్సులోకొచ్చి గళ్లన్నీ నేలకి బోర్లించారు.
ఆయన్ని రాయవేలూరు తీసుకెళ్లారు.
నేను మూడు వారాలు చతికిలబడి
బియ్యంలో రాళ్లేరినట్టు
దీర్ఘాలు వేరు, ఒత్తులు వేరు ఏరుకున్నాను.
నకళ్లని మాణిక్యాంబగారు మిరపకాయల బస్తాల్లో దాచారు.
పోలీసులు ఒక బస్తా విప్పి, తుమ్మి, రెండోది మానేశారు.
తర్వాత నా బల్ల మీదికొచ్చిన ప్రతి శాసనమూ ఘాటే,
కళ్లు తుడుచుకుంటూ కంపోజు చేశాను.
ఘాటుకేనా అంటే, ఏమో.

జైలు నుంచి ముందు పళ్లు లేకుండా వచ్చారు.
శ పలకదు.
తన పేరు తనే సరభయ్య అని చెప్పుకునేవారు.

జెండా మారింది. సరిగ్గా తొమ్మిది నెలలకి
ఓ మంత్రిగారికి స్వాగతపత్రం అచ్చుకొచ్చింది.
త్యాగధన, దీనబంధు, ప్రజాహృదయ విహారి...
స్టిక్కు పట్టుకుని చూద్దును గదా, గడి ఖాళీ.
పని ఆపి గుంటూరు బండెక్కాను.

బ్రాడీపేటలో నులకమంచం మీద ఉన్నారాయన,
గుండెల మీద ఓ నకలు, భూతద్దం.
చెప్పాను.
"ఎన్ని పంక్తులు?"
"ఆరు."
వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నారు.
"ఫర్వాలేదు లాజరూ. ఇంకా నేల ఉంది."

పుస్తకం పూర్తి కాలేదు. నకళ్లు ఎవరో తీసుకెళ్లారు,
తెచ్చిస్తామన్నారు.
అరిగిపోయిన శ్రీ ఒకటి నా జేబులో ఉంది,
చిల్లరనుకుని ఓసారి కిళ్లీకొట్టువాడికి ఇవ్వబోయాను.
గోడ మీద కొత్త పోస్టరు కనిపిస్తే
మనవడు బొమ్మ చూస్తాడు,
నేను పంక్తులు లెక్కపెడతాను.