ఇంటిపేరు

టార్టూలో మోకాలి లోతు మంచు.
"ఈ మోడల్‌కి ఇక అప్‌డేట్లు రావు" –
కంపెనీ చావు కబురు చల్లగా చెప్పింది.

లేలో స్వెట్టర్ చేతులు పైకి లాక్కుని
పెన్‌డ్రైవ్ గుచ్చి లినక్స్ ఎక్కించింది.
ఒకసారి నల్ల తెర.
ఇంకోసారి వైఫై లేదు,
ఫ్యాన్‌కి మాత్రం పూనకం.
మూడోసారికి కాఫీ మీద మీగడ కట్టింది,
డెస్క్‌టాప్ తెరుచుకుంది.

పక్కింటి హిల్లార్ కళ్లజోడు సర్దుకుని
ముందు వెతికింది ఒక్క అక్షరాన్ని:
నెత్తిన అల మోసే "ఓ".
మన బండి ఱ లాంటిదే అనుకోండి,
కాకపోతే బతికే ఉంది.
అది లేకపోతే
వోరు అని సొంతూరి పేరే రాయలేడు.

దొరికింది.
రెండు వేళ్లతో కొట్టి, నోరారా చదువుకున్నాడు.

తర్వాత మూత మీద వెలిగే కొరికిన ఆపిల్‌ని
గోటితో గీకాడు.
"ఇది పోదా?"
"ఇంటిపేరు కదా, ఉండనివ్వండి."