చుక్కగుర్తు దగ్గర

మా కీర్తనల పుస్తకంలో
ప్రతి చరణం నడుమా ఒక చుక్కగుర్తు.
అక్కడ ఆగాలి, ఒక ఊపిరంత.
ఎవరూ ముందుకు దూకకూడదు,
ఎవరూ వెనకబడకూడదు.
నోవిషియేట్ రెండేళ్ళూ మదర్ ప్లాసిడా
నాకు నేర్పింది అదొక్కటే అనిపిస్తుంది:
పాడటం కాదు, ఆగటం.

కానీ మార్చి వచ్చిందంటే
గుంటూరులో ఏ ఊపిరీ ఖాళీగా ఉండదు.
యార్డుకు గాలివాలున ఉంది మా మఠం.
టిక్కీలు దిగే వేళ
కిటికీలు మూసినా, తెరలు తడిపి కట్టినా
మాకంటే ముందొచ్చి బల్లల మీద కూచుంటుంది ఘాటు.
చుక్కగుర్తు దగ్గర ఆగుతామా,
ముందు సిస్టర్ అగాత దగ్గుతుంది,
తర్వాత ఇటు వరస,
తర్వాత అటు వరస.
దగ్గు కూడా మాకు వంతులవారీగానే.
దేవుడికి అలవాటైపోయి ఉంటుంది.

నాది గేటు పని.
తలుపు తట్టిన చప్పుడు వినగానే
ఎవరని అడక్కముందే
"దేవునికి వందనాలు" అనాలని మా నియమం.
పాలబ్బాయికీ అంటాను, మీటరు చూసే అతనికీ,
వినాయకుడి చందాకొచ్చే కుర్రాళ్ళకీ.
వాళ్ళు నవ్వుతారు.

ఆ రాత్రి మాత్రం అనలేదు.
రాత్రి ప్రార్థన తర్వాత తెల్లారేదాకా
మాకు మాట లేదు.
తొమ్మిదిన్నరకి గేటు గొలుసు కదిలింది.
అవతల ఒకామె,
రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని,
ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు.
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
పొద్దుట్నుంచీ తొడిమలు తీసిందట.
"ఖాసింబీ అంటారమ్మా. ఇంటికాడ పసిదుంది.
ఈ చేతుల్తో దాన్నెట్టా ఎత్తుకోను?
కాస్త పెరుగుంటే..."

ఆ చేతులు నాకు తెలుసు.
సిస్టర్ స్కొలాస్టిక కాకముందు
నేను ఫిరంగిపురం శౌరమ్మని.
మా అమ్మ కల్లంలో తాలుకాయ ఏరి వచ్చిన రాత్రులు
నా జడ నేనే వేసుకునేదాన్ని,
అన్నం కలిపి అమ్మ నోట్లో పెట్టేదాన్ని.

వంటింట్లో తోడుకున్న గిన్నె ఒక్కటే ఉంది,
పధ్నాలుగు మందికి రేపటి మజ్జిగ.
గరిటె కోసం వెతకలేదు.
మెట్టు మీద కూచోబెట్టి
గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్య,
మణికట్టు దాకా పూశాను.
ఆమె కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది,
అల్లా పేరు వినపడింది.
నా వందనాలు నా గొంతులోనే ఉండిపోయాయి.
అతిథి కోసం నోరు విప్పొచ్చని నియమంలోనే ఉందట,
మర్నాడు మదర్ చెప్పేదాకా నాకు తట్టలేదు.
వెళ్తూ వెళ్తూ ఆమె
మోచేత్తో నెట్టి మూసింది గేటు,
నా గొళ్ళేనికి కారం అంటకుండా.

నాలుగున్నరకి గంట.
చేతులు కడుక్కున్నాననే అనుకున్నాను.
నిద్రమత్తులో కళ్ళు నులుముకున్నాను.
ఇక మొదటి కీర్తన నుంచి చివరిదాకా
ముక్కూ కళ్ళూ ఏకధార.
చుక్కగుర్తు దగ్గర ఎక్కిళ్ళు.
పక్కనున్న కొత్తపిల్ల నన్ను
పటంలో పునీతురాల్ని చూసినట్టు చూసింది.
అగాత దగ్గు ఆపుకుని
తన చేతిరుమాలు ఇటు జరిపింది.

"కన్నీటి వరం కోసం
ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను" అంది మదర్
వరండాలో నన్ను నిలబెట్టి.
"నీకెట్టా వచ్చింది?"
"మిరపకాయ, మదర్."

ఆవిడ నవ్వింది, పొలమారింది,
గోడ పట్టుకుని చాలాసేపు దగ్గింది.

పోగొట్టిందేదైనా
అందరి ముందూ ఒప్పుకోవాలి మా దగ్గర.
మధ్యాహ్నం భోజనాల గదిలో మోకరించాను:
"గిన్నెడు పెరుగు."
తపస్సు కాలమేగా ఎలాగూ, అని గొణిగింది అగాత.
గోంగూర ఒక్కటే నంజుకుని లేచారు అందరూ.

ఆ సాయంత్రం ప్రార్థనలో
చుక్కగుర్తు దగ్గర
సరిగ్గా ఆగానో లేదో తెలియదు.
యార్డు నుంచి లారీ రివర్సవుతున్న మోత,
ఎటు వరసో ఒక దగ్గు,
వాటి వెనక, బాగా వెనక,
ఎవరో మోచేత్తో
గేటు దగ్గరికి వేస్తున్న చప్పుడు.