గురువారం కదా

మా కొండల్లో తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు.
తుమెలో పుట్టాక నేను మాతుమెలోనయ్యాను.
తుమెలో అంటే విశ్వాసం.
వాడు పోయాక కూడా
ఊట దగ్గరా, ఉప్పు కొనే కొట్టు దగ్గరా
విశ్వాసం తల్లీ, విశ్వాసం తల్లీ అనే పిలిచారు.
పలికేదాన్ని.
ఏం చెయ్యను, ఇంకో పేరు లేదు.

ఆ జూన్‌లో కనుమ మంచుతో పూడిపోయింది.
మందు కింద ఊళ్ళో, జ్వరం పైన మా ఇంట్లో.
మూడు రాత్రులు మోకాళ్ళ మీదే ఉన్నాను.
నాలుగో పొద్దున గుర్రం దొరికింది,
ఎక్కాల్సినవాడు లేడు.

ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, నల్ల పావడా
ట్రంకుపెట్టె అడుక్కి తోసేశాను.
గురువారం ఆడవాళ్ళ ప్రార్థనకి గంట కొడితే
తలుపేసుకుని జొన్నలు నూరేదాన్ని,
రాతి చప్పుడు గంటని మింగేదాకా.

ఓదార్చేవాళ్ళు వచ్చారు, రాకేం.
మంచి పిల్లల్ని దేవుడు తొందరగా పిలుచుకుంటాడని ఒకామె.
నీలో ఏ లోపముందో వెతుక్కోమని పాస్టరుగారి వదిన.
దికెలేది మాత్రం ఏమీ తేలేదు, మాట కూడా.
కాదు, అబద్ధం. పుల్లటి అంబలి తెచ్చింది
మూతలేని గిన్నెలో,
దారిలో ఒలికిందిపోగా మిగిలింది.
ఆమె పేరుకి అర్థం కన్నీళ్ళు.
వాళ్ళ తాతని పాతిపెట్టిన వారంలోనే పుట్టిందట.

నేను నూరుతుంటే
రాయి పక్కన జారిన పిండిని
అరచేత్తో పోగుచేస్తూ కూర్చుంది.
మరుసటి గురువారమూ వచ్చింది,
ప్రార్థన నుంచి నేరుగా, ఆ ఎర్ర జాకెట్టుతోనే.
ఆ మరుసటిదీ.
"నన్ను గుడికి లాక్కెళ్ళడానికేగా?"
"కాదు. చలి. మీ పొయ్యి మంచిది."
మాది ఉత్త పొగపొయ్యి, ఊరంతటికీ తెలుసు.

తర్వాతెప్పుడో పుసెలెత్సో చెప్పింది:
ఆదివారాలు మూడో బల్ల మీద, నా చోట,
దికెలేది తన కంబళి మడిచి పెట్టేదట.
పళ్ళు కొట్టుకునే చలిలో, భుజాలు ముడుచుకుని.
ఎవరైనా జరగమంటే
"ఆమె బయటికెళ్ళింది, వచ్చేస్తుంది" అనేదట.
పద్నాలుగు నెలలు బయటికెళ్ళాను.

ఆగస్టు గాలికి మా ఇంటి కప్పు సగం లేచిపోయింది.
తెల్లారేసరికి నలుగురున్నారు వాకిట్లో:
దికెలేది, పుసెలెత్సో, దగ్గు తగ్గని మామోసా,
గొర్రెలు కాసే ముసలి రమొలుపె.
నిచ్చెన ఒక్కటే. పైన ఒకరు, కింద తిట్టేవాళ్ళు ముగ్గురు.

కదల్లేనివాణ్ణి మంచంతో మోసుకొచ్చి
పరాయి ఇంటి కప్పు విప్పి కిందికి దించినవాళ్ళ బొమ్మ
చిన్నప్పుడు ఆదివారపు బడిలో వేశాను.
తాళ్ళు వేశాను, పెంకులు వేశాను,
పడుకున్నవాడికి ముఖం వెయ్యడం మరిచిపోయాను.
టీచరు నవ్వింది.
వాడికి నమ్మకం ఉందో లేదో
అక్కడ ఎవరూ అడగలేదు.
తాడు పట్టుకున్నవాళ్ళ ముఖాలు చూశాడాయన, చాలనుకున్నాడు.
మనిషిని నలుగురు మోసేది పోయినప్పుడే అనుకునేదాన్ని.

గడ్డి కట్టలు అందిస్తూ దికెలేదిని అడిగాను,
"నువ్వడిగితే ఆయన పలుకుతాడా?"
తాడు కొస పళ్ళతో పట్టి ముడి బిగించింది.
"రెండేళ్ళయింది.
గని నుంచి మా ఆయన ఉత్తరం ఆగిపోయిన దగ్గర్నుంచీ
గోడతో మాట్లాడినట్టే ఉంది."
ఆమె నాకెప్పుడూ చెప్పలేదు.
నేనెప్పుడూ అడగలేదు.
"మరి మా ఇంటికెందుకొచ్చేదానివి?"
ఇంకో కట్ట కోసం చెయ్యి చాచింది.
"గురువారం కదా," అంది.

ఆ గురువారం నేను వెళ్ళాను వాళ్ళింటికి.
జాకెట్టు వేసుకోలేదు.
అంబలి నా చేతిలోనూ ఒలికింది.
ప్రార్థన నాకు రాలేదు, ఆమెకీ రాలేదు.
పిడకలు ఆరిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాం.

ఆదివారం మూడో బల్ల మీది కంబళి తీసి
ఆమె భుజాల చుట్టూ వేసి కూర్చున్నాను.
పాట మొదలైంది. నాకు గొంతు పెగల్లేదు.
దికెలేది నా వంతు కూడా కలిపి
గట్టిగా, కొంచెం శ్రుతి తప్పి,
పాడేసింది.