ఎల్డర్ గెడ్డం

జేబు మీద నల్ల బిళ్ళ.
తెల్లక్షరాల్లో: ఎల్డర్ గెడ్డం.
ఎల్డరంటే పెద్ద. నాకు ఇరవై.
గెడ్డం పెంచకూడదు, రూలు.
తాడితోటలో బట్టలకొట్టాయన చదివి
"పెద్దా లేడు, గెడ్డమూ లేదు" అని నవ్వాడు.
నవ్వడం అయ్యాక
కళ్ళు ఇంకోసారి బిళ్ళ మీదికెళ్ళాయి.
ఇంటిపేరు రాబట్టడానికి జనం
మూడు మాటలు చుట్టుతిప్పి అడుగుతారు.
నా దగ్గర ఆ శ్రమ లేదు,
గుండె మీదే రాసుకు తిరుగుతున్నాను.

గాజువాకలో నాన్న ఆ పేరుని
ఆటో వెనక కూడా రాయించలేదు.

మంగళవారం వాన.
పిలిచినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలి మేం.
పిలిచినవాళ్ళు ముగ్గురు.
ఒకాయన ఫోనెత్తలేదు. ఒకామె ఇంటికి తాళం.
మూడో అతను, ఇంగ్లీషు నేర్పుతారా అన్నాడు.
నా జోడీ ఇమ్చెన్‌ది నాగా కొండ.
నేలంటే పైకో కిందికో పోవాలనుకునే మనిషి,
ఈ చదునంటే ఇంకా అనుమానం.
"ఎటు పోవాలో ఈ నీళ్ళకెవరు చెప్తారు?" అంటాడు.

బుధవారం ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక.
బ్రిడ్జిలంక వాళ్ళని పడవల్లో తెచ్చి
మునిసిపల్ స్కూల్లో దింపారు.
టైలు విప్పి జేబుల్లో కుక్కి
పులిహోర బకెట్లు మోశాం.
మీదే సంఘం బాబూ, అంది వరసలో ముసలామె.
"కడవరి దినముల పరిశుద్ధుల..."
ఇమ్చెన్ ఊపిరి తీయకుండా మొదలెట్టాడు.
"కడవల దినాలా? ఔన్నాయనా,
చుట్టూ గోదారి, తాగడానికి కడవెడు లేవు."
తప్పు చెప్పానా అన్నట్టు నన్ను చూశాడు.
లేదన్నాను.

గురువారం డైరీలో
"చొక్కా" అని ఒక్క మాట ఉంది. ఎందుకో గుర్తులేదు.

శుక్రవారం దీనమ్మ గారు పిలిచింది.
ఆవ రోడ్డు పక్క సందు, రేకుల వసారా.
స్టీలు గ్లాసుల్లో టీ, అల్లం వాసన.
వద్దమ్మా, తాగం, అన్నాను.
చెయ్యి గాలిలోనే ఆగింది.
కోపం కాదు. కోపం కన్నా పాతదేదో
ఆ ముఖంలో తలుపేసుకుంది.
"మాయింట్లో తాగరా?"

అన్ని ప్రశ్నలకీ జవాబులు నేర్పి పంపారు నన్ను.
దీనికి లేదు.
బిళ్ళ విప్పి ఆమె చేతిలో పెట్టాను.
మనవరాలు కూడబలుక్కుంది: గె, డ్డం.
"ఏ గెడ్డం? అల్లవరమా, మలికిపురమా?"
తాత అల్లవరం నుంచి
విశాఖ రేవు పనికి పోయాడని విన్నాను.
మంచినీళ్ళివ్వండమ్మా, అన్నాను.
ఒక చెంబు తాగాను.
దాహం లేకుండానే ఇంకో చెంబు అడిగి తాగాను.
ఎందుకో తెలియకపోయినా ఇమ్చెన్ కూడా.
రెండు టీలూ మనవరాలే తాగేసింది.

చనిపోయినవాళ్ళకీ తలుపు తెరిచే ఉంటుంది మా నమ్మకంలో.
పేరు కావాలి, అంతే.
పదిహేను గళ్ళ పటం చాప మీద పరిచాను.
తండ్రి సత్తియ్య.
తల్లి మరియమ్మ, బాప్తిస్మానికి ముందు పోలమ్మ.
తండ్రి తల్లి దగ్గర పెన్ను ఆగింది.
"పేరు పెట్టి పిలవగా నేను వినలేదు బాబూ.
కరణంగారు ఒసే అనేవాడు.
తాత ఇదిగో అనేవాడు.
ఊడ్పుల్లో పాటెత్తుకునేది మాత్రం ఆవిడే.
ఏం రాస్తావో రాయి."

ఒసే అని రాయలేను కదా.

ఆదివారం పదిహేడుమంది వచ్చారు.
రొట్టెముక్కలు, చిన్న కప్పుల్లో నీళ్ళు,
పళ్ళెం నేనే పట్టాను.
వడగట్టినా రవ్వంత ఎరుపు.
దీనమ్మ గారు రాలేదు.

సోమవారం ఉతుకుడు, ఇంటికి ఫోను.
అమ్మా, నాన్న వాళ్ళ నాయనమ్మ పేరేంటి?
అవతల కుక్కరు రెండుసార్లు కూసింది.
"కనుక్కుంటాలే" అని
గ్యాసు ధర గురించి చెప్పింది.
తర్వాత నాన్న.
"ఆ బిళ్ళ పెట్టుకునే తిరుగుతున్నావా?"
ఆఁ, అన్నాను.
కాసేపాగి జాగ్రత్త అన్నాడో, సరే అన్నాడో,
పైన రేకుల మీద వాన,
సరిగా వినబడలేదు.