సుడి

పెన్సిల్ చెక్కడం నాకు మా నాయనే నేర్పినాడు.
బ్లేడును సగానికి విరిచి
వేళ్ల కొసన పట్టుకొని
"నొక్కొద్దు మే, జారనీ" అని.
సిక్స్‌ బి సీసం మెత్తన.
కోపంగా చెక్కితే పుటుక్కుమంటుంది.
కొండమీద కల్యాణకట్టలో
ఇరవై రెండేళ్లుగా తన చేతికింద
ఎవరి నెత్తురూ చిందలేదంటాడు.
"ఒగ అరవాయన చెవి..." అని అమ్మ మొదలుపెడితే
లేచి బయటికి పోతాడు.

కొర్లగుంట సందులో అందరూ అడిగినారు,
బొమ్మలేసేదానికి డిగ్రీ ఏంటికి,
నాలుగేండ్లా, ఆడబిడ్డకా, ఉద్యోగం వస్తాదా?
నాయన ఏమీ అనలేదు.
ఫీజు కట్టే దినం
అన్నీ పది రూపాయల నోట్లే ఉన్న కట్ట
క్యాషియర్ కిటికీలోకి తోసినాడు.
ఆ నోట్లు ఎక్కడివో నేను అడగలేదు.
క్యాషియర్ మాత్రం
రెండుసార్లు లెక్కపెట్టినాడు.

రెండో సంవత్సరంలో తల.
మోడల్‌గా దొరసామి వచ్చినాడు,
అలిపిరి కాడ టెంకాయలమ్మే మనిషి,
గంటకు నూటయాభై.
మొన్ననే మొక్కు తీర్చుకున్నాడు గాబట్టి
నున్నటి గుండు,
చెవుల వెనక ఇంకా గంధం.
కల్పలత మేడం చెప్పింది:
"తల అంటే గుండ్రం కాదు, పలకలు.
వెలుగు ఎక్కడ మడత పడుతోందో చూడండి."
మూడు గంటలు చూసినాను.
గంధానికని ఒకే ఒక్క చోట యెల్లో ఓకర్ అద్దినాను.
నలభైకి ముప్పై మూడు.
"బాగానే ఉంది, కానీ దీనికి బరువు లేదు."
బరువు ఏ నంబరు పెన్సిల్‌తో వస్తుందో
ఆమె చెప్పలేదు.

ఆ రాత్రి షిఫ్టు దిగి
ఘాట్ రోడ్డు మలుపులన్నీ కడుపులో మోసుకొని
నీళ్లలో నాని తెల్లబడిన వేళ్లతో
నాయన ఇంటికొచ్చేసరికి పన్నెండు.
బొమ్మ గోడకానించి ఉంది.
కంచం ముందర కూర్చున్నవాడు లేచినాడు.
కడుక్కున్న చేతులే మళ్లీ కడుక్కున్నాడు.
కాగితానికి తగలకుండా, గాలిలోనే,
నుదుటి కాణ్ణించి వెనక్కి
బొటనవేలిని ఒక్కసారి జరిపినాడు.

"వీనికి సుడి ఏది మే?"

గుండు గదా నాయనా, సుడి ఎట్లా కనిపిస్తాది?

"గుండుకే కనిపిస్తాది.
ఎంట్రుక పోయినా
అది తిరిగిన దోవ పోదు.
కత్తి ఆడికొచ్చి మలుచుకోవాల.
లేకుంటే గాటే."

అన్నం చల్లారిపోతా ఉంది.
ఆయన చెప్తానే ఉన్నాడు.
చంటిబిడ్డకు నడినెత్తిన
చర్మం కింద ఏదో ఎగురుతా ఉంటాదని,
ముసలోళ్లకు కణతల కాడ గుంటలు పడతాయని,
మొక్కు దేనికో మనసులో తలుచుకుంటా కూర్చున్న
ఆడమనిషి తల, నీళ్లు పోసినా,
వేడిగా ఉంటాదని.
స్కెచ్‌బుక్ తీసి రాసుకుంటా ఉన్నాను,
గీసుకోవాల్సింది పోయి.
మరి ముఖాలు? అని అడిగినాను.
చాలాసేపు ఆలోచించినాడు.
"ముఖాలు తెలవ్వు మే.
వంచుకోనుంటారు గదా."

మరుసటి వారం క్లాసులో
ఈజిల్ పక్కకు నెట్టి స్టూలెక్కినాను.
దొరసామిని పైనుంచి గీసినాను,
ముక్కు లేదు, కళ్లు లేవు,
నెత్తీ, రెండు చెవుల అంచులూ,
వాటి నడుమ ఒక సుడి.
ఇరవై ఎనిమిది వేసింది మేడం.
పోలిక లేదంది.
దొరసామి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది నేనేనా పాపా?" అన్నాడు,
నవ్వి, నెత్తి తడుముకున్నాడు.

సెలవు దినాన నాయననే కూర్చోబెట్టినాను.
కూర్చోవడం ఆయనకు రాదు.
ఒడిలో చేతులు, ఎవరి తలనో పట్టుకున్నట్టు,
వాటంతట అవే తిరుగుతా ఉంటాయి.
కదలొద్దు అంటే
"నేను అందరికీ చెప్పే మాట నాకే చెప్తాండావే" అంటాడు.
వెనక్కి పోయి నిలబడి చూస్తే
నడినెత్తిన రెండు సుడులు,
పక్కపక్కనే, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.
చెప్తే నమ్మలేదు.
"నాకు పెండ్లైన నెలలోనే తెలుసు,
రెండోదాన్ని యాడ దాచినాడో అదే తెలవదు"
అంటాంది అమ్మ, పొయ్యి కాణ్ణించి.

ఎన్ని లక్షల నెత్తులు చూసినాడో.
తనది ఒక్కటే చూళ్లేదు.
బొమ్మను ఒక చేత్తో వెలుతురుకు పట్టుకొని
రెండో చేతి బొటనవేలితో
నెత్తిమీద మెల్లగా,
నొక్కకుండా,
వెతుక్కుంటా ఉన్నాడు.